కార్డు దగ్గర ఉంటేనే పవర్ బటన్ పనిచేయాలా? డెస్క్‌టాప్‌కు ఇలా అమర్చుకోండి

"నా దగ్గరున్న కార్డు చూపిస్తేనే కంప్యూటర్ ఆన్ అవ్వాలి, వేరేవాళ్లు బటన్ నొక్కినా కదలకూడదు. ఇలా చేయడం కుదురుతుందా?" ఈ ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. కుదురుతుంది. కష్టం కూడా కాదు. ఒక సాయంత్రం తీరిక, టంకం పెట్టడంలో కాస్త అలవాటు, ఒక మల్టీమీటర్ ఉంటే చాలు.

ముందు ఒక మాట. ఇది పవర్ బటన్‌కు వేసే తాళం, మీ ఫైళ్లకు కాదు. క్యాబినెట్ పక్క తలుపు తీసి మదర్‌బోర్డు మీద రెండు పిన్నులు స్క్రూడ్రైవర్‌తో కలిపితే కంప్యూటర్ ఆన్ అవుతుంది. హార్డ్ డిస్క్ ఊడదీసి వేరే కంప్యూటర్‌కు పెట్టినా ఫైళ్లు కనిపిస్తాయి. ఫైళ్లే ముఖ్యమైతే బిట్‌లాకర్ లాంటి డిస్క్ ఎన్‌క్రిప్షన్ పెట్టుకోండి, ఇది దానికి తోడుగా ఉంటుంది. చిన్నపిల్లలు ఊరికే ఆన్ చేయకుండా, నలుగురూ తిరిగే గదిలో ఎవరో చెయ్యి పెట్టకుండా ఆపడానికి మాత్రం ఇది చక్కగా పనికొస్తుంది.

ల్యాప్‌టాప్‌లకు ఈ పద్ధతి వద్దు. మామూలు ఏటీఎక్స్ రకం ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు ఇచ్చే డబ్బా), విడి మదర్‌బోర్డు ఉన్న డెస్క్‌టాప్ కోసమే ఈ కొలతలు, ఈ పిన్నులు. కొన్ని బ్రాండెడ్ డెస్క్‌టాప్‌లలో ముందు ప్యానెల్ కనెక్టర్ కంపెనీ సొంత పద్ధతిలో ఉంటుంది. ఏటీఎక్స్12వీఓ రకం ఎస్‌ఎంపీఎస్‌లో స్టాండ్‌బై కరెంటు, అంటే కంప్యూటర్ ఆఫ్‌లో ఉన్నా వస్తూనే ఉండేది, 5 కాదు, 12 వోల్టులు. మీది ఏ రకమో చూసుకున్నాకే సామాను కొనండి.

ఎలా పనిచేస్తుంది

పవర్ బటన్ అంటే రెండు వైర్లను క్షణం పాటు కలిపే చిన్న స్విచ్, అంతే. ఆ రెండు వైర్లలో ఒకదాని మధ్యలో మనం ఒక గేటు పెడతాం. సరైన కార్డు రీడర్ దగ్గరికి వస్తే గేటు పది సెకన్లు తెరుచుకుంటుంది. ఆ లోపు బటన్ నొక్కితే కంప్యూటర్ ఆన్ అవుతుంది. గేటు మూసి ఉన్నప్పుడు ఎన్నిసార్లు నొక్కినా ఏమీ కాదు.

కార్డు చూపించగానే బటన్ నొక్కకుండా దానంతట అదే ఆన్ అయ్యేలా కూడా చేయొచ్చు. నేను మాత్రం అలా చేయమని చెప్పను. బల్ల మీద పర్సు పెట్టిన ప్రతిసారీ కంప్యూటర్ లేచి కూర్చుంటుంది, లేదా నడుస్తున్నది స్లీప్‌లోకి పోతుంది. కార్డు తీయగానే ఆఫ్ అయ్యేలా అసలే పెట్టకండి. సేవ్ చేయని పని పోతుంది, అప్‌డేట్ మధ్యలో ఆగితే విండోస్ కూడా పాడవ్వొచ్చు.

ఫోన్ బ్లూటూత్‌తో చేయొచ్చా అని కూడా చాలామంది అడుగుతున్నారు. బ్లూటూత్ సిగ్నల్ బలం నిలకడగా ఉండదు. మనిషి అడ్డొచ్చినా, ఫోన్ జేబు మారినా దూరం లెక్క తప్పుతుంది. పక్క గదిలో మీరుండగా ఇక్కడ గేటు తెరుచుకుంటే తాళం పెట్టి లాభమేంటి? పవర్ బటన్‌కు రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో మాత్రమే పలికే కార్డే సరైనది.

కావాల్సినవి

- ఆర్‌సీ522 కార్డు రీడర్ మాడ్యూల్. ఇది 13.56 మెగాహెర్ట్జ్ రకం. మామూలుగా దీంతోపాటే ఒక తెల్ల కార్డు, ఒక కీచైన్ ట్యాగ్ వస్తాయి.
- ఈఎస్‌పీ32 డెవలప్‌మెంట్ బోర్డు. మనం రాసిన ప్రోగ్రాంను నడిపే చిన్న బోర్డు ఇది. ఆర్డుయినో యూనో, నానో కూడా వాడుతుంటారు కానీ వాటి సిగ్నల్ 5 వోల్టులు, రీడర్‌ది 3.3 వోల్టులు. ఈఎస్‌పీ32 కూడా 3.3 వోల్టులదే కాబట్టి మధ్యలో ఏ తంటా ఉండదు.
- పీసీ817 ఆప్టోకప్లర్ ఒకటి. లోపలి వెలుతురుతో ఆన్, ఆఫ్ అయ్యే చిన్న స్విచ్ చిప్. మన గేటు ఇదే.
- 220 లేదా 330 ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి.
- జంపర్ వైర్లు, హీట్ ష్రింక్ ట్యూబు, చిన్న పర్ఫ్ బోర్డు ముక్క.
- రెండు పిన్నుల జంపర్ క్యాప్ ఒకటి. ఎమర్జెన్సీకి.
- మల్టీమీటర్. ఇది లేకుండా మొదలుపెట్టకండి.

మొదలుపెట్టే ముందు

మదర్‌బోర్డు దగ్గర ఏ వైరు కలిపేటప్పుడైనా ఎస్‌ఎంపీఎస్ స్విచ్ ఆపి, మెయిన్స్ ప్లగ్ పీకి, పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి. లోపల మిగిలిన చార్జ్ పోతుంది. బోర్డు మీద చిన్న లైటు ఉంటే అది ఆరేదాకా ఆగండి. ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఏ పరిస్థితిలోనూ విప్పకండి. ప్లగ్ పీకినా లోపలి కెపాసిటర్లలో ప్రాణాంతకమైన వోల్టేజీ మిగిలి ఉండొచ్చు. మన పనికి దాన్ని విప్పే అవసరమే లేదు.

పని వరుస

1. పవర్ బటన్ పిన్నులు గుర్తించండి. చాలా మదర్‌బోర్డుల్లో ముందు ప్యానెల్ కనెక్టర్ ఐదు పిన్నుల చొప్పున రెండు వరుసల్లో ఉంటుంది, ఒక మూల పిన్ను ఉండదు. ఆ లేనిది 10వ నంబరు. పవర్ బటన్‌వి 6, 8 నంబర్లు. మాన్యువల్‌లో సరిచూసుకోండి. ఇప్పుడు ప్లగ్ పెట్టి, కంప్యూటర్ ఆన్ చేయకుండా, మల్టీమీటర్ నల్ల ప్రోబును క్యాబినెట్ లోహానికి ఆనించి, ఎర్ర ప్రోబుతో ఆ రెండు పిన్నులను ఒక్కొక్కటిగా ముట్టుకోండి. ఒక దాని మీద 3.3 లేదా 5 వోల్టుల దరిదాపు కనిపిస్తుంది, రెండోది సున్నా. వోల్టేజీ ఉన్నదే ప్లస్. దీన్ని రాసి పెట్టుకోండి. ప్రోబు జారి పక్క పిన్నుకు తగలకుండా చెయ్యి నిలకడగా ఉంచండి.

2. స్టాండ్‌బై కరెంటు ఎక్కడ దొరుకుతుందో చూడండి. కంప్యూటర్ ఆఫ్‌లో ఉన్నప్పుడు కూడా రీడర్ మేలుకుని ఉండాలి కదా. ఎస్‌ఎంపీఎస్ ప్లగ్‌లో ఉన్నంతసేపూ ఊదా రంగు వైరులో 5 వోల్టులు వస్తూనే ఉంటాయి. 24 పిన్నుల కనెక్టర్‌లో అది 9వది. కానీ ఆ వైరు కోయొద్దు. మదర్‌బోర్డు మీద ఖాళీగా ఉన్న యూఎస్‌బీ 2.0 హెడర్ చూడండి. దానికీ ఒక పిన్ను లోపం ఉంటుంది. పిన్ను లేని వరుసలో, ఆ ఖాళీ పక్కనే ఉన్నది గ్రౌండ్, అదే వరుసలో ఎదురు చివర ఉన్నది 5 వోల్టులు. కంప్యూటర్ ఆఫ్‌లో ఉండగా కొలవండి, 4.75 నుంచి 5.25 మధ్య వస్తే చాలు. సున్నా వస్తే బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగ్‌ల స్క్రీన్) ఈఆర్‌పీ అనే కరెంటు పొదుపు సెట్టింగ్ ఆన్‌లో ఉందేమో చూడండి, అది ఆఫ్ చేసి మళ్లీ కొలవండి. అప్పటికీ రాకపోతే 24 పిన్నుల ఎక్స్‌టెన్షన్ కేబుల్ ఒకటి తెచ్చి, దాని ఊదా వైరు నుంచి, ఒక నల్ల వైరు నుంచి కరెంటు తీసుకోండి. వైరు కోయడంలో పొరపాటు జరిగినా పాడయ్యేది ఎక్స్‌టెన్షన్ కేబులే, ఎస్‌ఎంపీఎస్ వైరు కాదు.

3. బల్ల మీద రీడర్‌ను, ఈఎస్‌పీ32ను కలపండి. రీడర్ పిన్నులు చాలాసార్లు విడిగా వస్తాయి, టంకం మీరే పెట్టుకోవాలి. రీడర్ పిన్నుల నుంచి ఈఎస్‌పీ32 పిన్నులకు వైర్లు ఇలా: ఎస్‌సీకే 18కి, మిసో 19కి, మోసి 23కి, ఎస్‌డీఏ 5కి, ఆర్‌ఎస్‌టీ 22కి. గ్రౌండ్ గ్రౌండ్‌కి, 3.3 వోల్టులది 3.3 వోల్టులకే. ఐఆర్‌క్యూ ఖాళీగా వదిలేయండి. రీడర్‌కు 5 వోల్టులు ఇస్తే అది కాలిపోవచ్చు. ఈ ఒక్క వైరు రెండుసార్లు చూసుకోండి.

4. కార్డు నంబరు చదవండి. ఆర్డుయినో ఐడీఈలో (బోర్డుకు ప్రోగ్రాం రాసి ఎక్కించే సాఫ్ట్‌వేర్) ఎంఎఫ్‌ఆర్‌సీ522 లైబ్రరీ వేసుకుని, దాంతో వచ్చే డంప్‌ఇన్ఫో ఉదాహరణ తెరిచి, అందులో ఆర్‌ఎస్‌టీ, ఎస్‌డీఏ పిన్నుల నంబర్లు మన వైరింగ్‌కు తగ్గట్టు మార్చి బోర్డుకు ఎక్కించండి. సీరియల్ మానిటర్‌లో మొదట రీడర్ వెర్షన్ కనిపిస్తుంది. 91 లేదా 92 వస్తే బాగున్నట్టే. 88 వస్తే అది నకలు చిప్, అయినా చాలావరకు పనిచేస్తుంది. 00 లేదా ఎఫ్‌ఎఫ్ వస్తే వైరింగ్‌లోనో టంకంలోనో లోపం ఉంది, ముందుకు పోకండి. కార్డు ఆనిస్తే దాని యూఐడీ, అంటే కార్డు సొంత నంబరు, వస్తుంది. అదే కార్డును ఐదారుసార్లు తీసి పెట్టి, ప్రతిసారీ అదే నంబరు వస్తోందో లేదో చూడండి.

బ్యాంకు కార్డు, ఫోన్ వాడొద్దు. ఆండ్రాయిడ్ ఫోన్లు ప్రతిసారీ కొత్త యూఐడీ ఇస్తుంటాయి, అది తరచూ 08తో మొదలవుతుంది. ఈ రోజు చదివిన నంబరు రేపటికి ఉండదు.

5. ప్రోగ్రాం రాయండి. తర్కం చిన్నదే కానీ తప్పులన్నీ దొర్లేది ఇక్కడే, అందుకే కాస్త ఆగి చెబుతాను. బోర్డు మొదలవగానే, గేటును నడిపే 27వ పిన్నును అవుట్‌పుట్‌గా పెట్టి ఆఫ్ చేయాలి. తర్వాత రీడర్‌ను అడుగుతూ ఉండాలి. కార్డు దొరికితే దాని యూఐడీని మొత్తం, పొడవుతో సహా, మీరు దాచుకున్న దానితో పోల్చాలి. యూఐడీ 4 బైట్లు ఉండొచ్చు, 7 ఉండొచ్చు. మొదటి ఒకటి రెండు బైట్లు మాత్రమే పోలిస్తే వేరే కార్డులు కూడా సరిపోతాయి. సరైన కార్డు కనిపించిన సమయాన్ని గుర్తుపెట్టుకుని, అక్కడి నుంచి 10 సెకన్ల దాకా 27వ పిన్నును ఆన్‌లో ఉంచాలి.

పది సెకన్లే ఎందుకంటే, వేలాడిపోయిన కంప్యూటర్‌ను బలవంతంగా ఆపాలంటే బటన్‌ను 4 సెకన్ల పైన నొక్కి పట్టాలి. గేటు 5 సెకన్లకే మూసుకుంటే, కార్డు చూపించి వేలు బటన్ మీదికి తెచ్చేలోపు సమయం అయిపోతుంది, అది ఆగదు.

ఇక్కడే దాక్కునే లోపాలు రెండున్నాయి. ఒకటి: చివరిసారి కార్డు కనిపించిన సమయం సున్నా అని మొదలుపెడితే, బోర్డుకు కరెంటు వచ్చిన మొదటి 10 సెకన్లు కార్డు లేకుండానే గేటు తెరుచుకుంటుంది. అంటే ప్లగ్ పీకి పెట్టినవాళ్లందరికీ తాళం తీసినట్టే. అందుకే "ఇప్పటిదాకా సరైన కార్డు వచ్చిందా" అనే గుర్తు విడిగా పెట్టి, అది నిజమైతేనే సమయం లెక్క చూడాలి. పది సెకన్లు దాటగానే ఆ గుర్తును తీసేయాలి కూడా. రెండు: ఈ బోర్డు రోజుల తరబడి ఆగకుండా నడుస్తుంది. దాని మిల్లీసెకన్ల లెక్క సుమారు 49.7 రోజులకు మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. "పాత సమయానికి పది కలిపితే ఇప్పటికంటే ఎక్కువా" అని పోల్చకండి. ఇప్పటి సమయంలోంచి పాత సమయం తీసేసి, ఆ తేడా పదికి లోపలా అని చూడండి. అన్‌సైన్డ్ (మైనస్ గుర్తు లేని) సంఖ్యలతో ఇలా తీసేస్తే లెక్క తిరిగినప్పుడూ తప్పదు.

ఇంకో జాగ్రత్త: నిమిషానికోసారి రీడర్‌ను మళ్లీ ఇనిషియలైజ్ చేయించండి, అంటే మొదటి నుంచి సిద్ధం చేయించండి. కరెంటులో చిన్న ఒడుదొడుకు వస్తే ఈ రీడర్లు కొన్నిసార్లు బిగుసుకుపోతాయి. వైఫై, బ్లూటూత్ మొదలుపెట్టే పనే లేదు.

6. గేటు కట్టండి. పీసీ817 మీద చిన్న చుక్క ఉన్నది 1వ కాలు. 27వ పిన్ను నుంచి రెసిస్టర్ మీదుగా 1వ కాలికి, 2వ కాలు గ్రౌండ్‌కి. అటువైపు 4వ కాలు మదర్‌బోర్డు పవర్ ప్లస్ పిన్నుకు వెళ్లాలి. 3వ కాలు బటన్ తాలూకు ఒక వైరుకు. బటన్ రెండో వైరు మదర్‌బోర్డు మైనస్ పిన్నుకు. 3, 4 కాళ్ల నుంచి రెండు పిన్నులు బయటికి తీసి పెట్టుకోండి. ఏ రోజైనా రీడర్ చెడిపోతే జంపర్ క్యాప్ ఆ రెండు పిన్నుల మీద పెడితే పాత బటన్ పాత పద్ధతిలో పనిచేస్తుంది. క్యాబినెట్ బటన్ కేబుల్‌ను కోయకండి, దాని కనెక్టర్‌లోకి పిన్నులు గుచ్చితే సరిపోతుంది.

ఆప్టోకప్లర్ బదులు రిలే మాడ్యూల్ వాడొచ్చు. దానికి ప్లస్, మైనస్ పట్టింపు ఉండదు. కానీ చాలా రిలే మాడ్యూళ్లు లో సిగ్నల్‌కు ఆన్ అవుతాయి, 5 వోల్టులకు తయారైనవి 3.3 వోల్టుల సిగ్నల్‌తో సరిగ్గా ఆఫ్ కావు. బోర్డు మొదలయ్యే క్షణంలో టక్కుమని ఒకసారి కలిసిపోతాయి కూడా. తాళానికి అది మంచిది కాదు.

7. బల్ల మీదే పరీక్షించండి. ఈఎస్‌పీ32ను యూఎస్‌బీ చార్జర్‌కు పెట్టి, మల్టీమీటర్‌ను డయోడ్ మోడ్‌లో ఉంచి ఎర్ర ప్రోబు 4వ కాలికి, నల్లది 3వ కాలికి ఆనించండి. కార్డు లేనప్పుడు ఏమీ చూపించకూడదు. కార్డు పెడితే రీడింగ్ రావాలి, తీశాక పది సెకన్లకు పోవాలి. ఇక్కడ తేలని సమస్య క్యాబినెట్‌లోకి పోయాక అస్సలు తేలదు.

8. రీడర్‌కు చోటు చూడండి. ఇనుప రేకు వెనక పెడితే కార్డు చచ్చినా చదవదు. ముందు ప్లాస్టిక్ ప్యానెల్ వెనకో, పక్క గాజు తలుపు లోపలి వైపో అతికించండి. రీడర్ వెనక కూడా లోహానికి కనీసం ఒక సెంటీమీటర్ ఖాళీ ఉండాలి. చోటు లేకపోతే మధ్యలో ఫెర్రైట్ షీటు (లోహం ప్రభావాన్ని తగ్గించే పలుచని రేకు) పెట్టండి. అతికించేముందు చేత్తో పట్టుకుని, బయటి నుంచి కార్డుతో ఏ చోట బాగా పలుకుతుందో వెతికి పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. ఈ రెండు నిమిషాల పని తర్వాత చాలా చిరాకు తప్పిస్తుంది.

రీడర్‌కు, ఈఎస్‌పీ32కు మధ్య వైర్లు 20 సెంటీమీటర్లు దాటనివ్వకండి. దూరం ఎక్కువైతే ఈఎస్‌పీ32నే రీడర్ పక్కన పెట్టి, మదర్‌బోర్డుకు వెళ్లే వైర్లను పొడుగు చేయండి. వాటిలో వేగమైన సిగ్నల్ ఏదీ లేదు, పొడుగైనా ఇబ్బంది లేదు.

9. కంప్యూటర్‌లో కలపండి. ప్లగ్ పీకి, స్టాండ్‌బై 5 వోల్టులను ఈఎస్‌పీ32 విన్ పిన్నుకు, గ్రౌండ్‌ను గ్రౌండ్‌కు ఇవ్వండి. ఇలా కలిపి ఉండగా అదే బోర్డుకు యూఎస్‌బీ కేబుల్ పెట్టకండి, రెండు వైపుల నుంచి కరెంటు ఎదురెదురుగా వస్తుంది. ప్రోగ్రాం మార్చాలంటే ముందు విన్ వైరు తీయండి. బోర్డు అడుగున టంకం చుక్కలు క్యాబినెట్‌కు తగలకుండా ప్లాస్టిక్ డబ్బాలోనో, హీట్ ష్రింక్‌లోనో పెట్టండి.

10. పక్క దారులు మూయండి. బటన్‌కు తాళం వేసి కీబోర్డు దారి వదిలేస్తే పని సగమే అయినట్టు. బయోస్‌లో కీబోర్డుతో, మౌస్‌తో, నెట్‌వర్క్‌తో ఆన్ అయ్యే సెట్టింగ్‌లు ఆఫ్ చేయండి. కరెంటు పోయి వచ్చినప్పుడు ఏం చేయాలనే సెట్టింగ్‌ను "ఆఫ్‌లోనే ఉండు" అనేదానికి మార్చండి. లేకపోతే ప్లగ్ పీకి పెడితే చాలు, కార్డు లేకుండా ఆన్ అవుతుంది. బయోస్‌కు పాస్‌వర్డ్ పెట్టండి. కంప్యూటర్‌ను స్లీప్‌లో వదిలే అలవాటుంటే, విండోస్ డివైస్ మేనేజర్‌లో కీబోర్డు, మౌస్ దాన్ని లేపకుండా టిక్ తీసేయండి.

సరిగ్గా కుదిరిందో లేదో చూడటం

ఇవన్నీ వరుసగా చేయండి, ఒక్కటి తప్పినా వదలకండి. కార్డు లేకుండా బటన్ నొక్కండి, ఏమీ కాకూడదు. తప్పు కార్డు పెట్టి నొక్కండి, ఏమీ కాకూడదు. సరైన కార్డు పెట్టి బటన్ ముట్టుకోకుండా ఉండండి, అప్పుడూ ఏమీ కాకూడదు. ఇప్పుడు కార్డు పెట్టి నొక్కండి, ఆన్ అవ్వాలి. బయోస్ స్క్రీన్‌లో ఉండగా కార్డు పెట్టి బటన్ నొక్కి పట్టండి, నాలుగైదు సెకన్లకు ఆఫ్ అవ్వాలి. ప్లగ్ పీకి మళ్లీ పెట్టిన వెంటనే, కార్డు లేకుండా, బటన్‌ను వరుసగా నొక్కండి. అయిదో స్టెప్పులో చెప్పిన మొదటి లోపం ఉంటే ఇక్కడ పట్టుబడుతుంది. చివరిగా కంప్యూటర్‌ను రాత్రంతా ఆఫ్‌లో ఉంచి పొద్దున్నే కార్డు చూపించండి. రీడర్ బిగుసుకుపోయే రకమైతే అప్పుడు బయటపడుతుంది.

తరచూ వచ్చే ఇబ్బందులు

కార్డు అక్కడే ఉంచితే ఒకసారి ఉందని, మరోసారి లేదని వస్తోంది: రీడర్ చెడిపోలేదు. ఆ లైబ్రరీలో "కొత్త కార్డు వచ్చిందా" అనే ప్రశ్నకు, అక్కడే కూర్చున్న కార్డు ఒకసారి అవునని, తర్వాతిసారి కాదని బదులివ్వడం మామూలే. పది సెకన్ల గడువు పెట్టింది దీనికి కూడా. ఒక్కసారి కాదనగానే గేటు మూసేలా రాసి ఉంటే అది మార్చండి.

కార్డు పెట్టి నొక్కినా ఆన్ కావడం లేదు: జంపర్ క్యాప్ పెట్టి చూడండి. అప్పుడు ఆన్ అయితే బటన్ వైరింగ్ బాగుంది, తేడా ఆప్టోకప్లర్ దగ్గరే. ఎక్కువసార్లు 3, 4 కాళ్లు తారుమారై ఉంటాయి, లేదా ప్లస్, మైనస్ పిన్నులు అటూఇటూ అయ్యుంటాయి. క్యాప్ పెట్టినా ఆన్ కాకపోతే మదర్‌బోర్డు మీద వేరే పిన్నులకు కలిపి ఉండొచ్చు.

కంప్యూటర్ ఆన్‌లో ఉంటే కార్డు చదువుతోంది, ఆఫ్ చేస్తే చదవడం లేదు: మీరు తీసుకున్న 5 వోల్టులు స్టాండ్‌బైవి కావు. రెండో స్టెప్పుకు వెళ్లి మళ్లీ కొలవండి.

బల్ల మీద మూడు సెంటీమీటర్ల దూరం నుంచి చదివింది, క్యాబినెట్‌లో ఆనించినా చదవడం లేదు: చుట్టూ లోహం ఉంది. రీడర్‌ను కాస్త ముందుకు జరపండి, వెనక ఖాళీ పెంచండి.

కంప్యూటర్ దానంతట అదే ఆన్ అవుతోంది: ఇది గేటు తప్పు అయ్యే అవకాశం తక్కువ, ఎందుకంటే గేటు తెరుచుకున్నా బటన్ నొక్కాలి కదా. బయోస్‌లో పదో స్టెప్పు సెట్టింగ్‌లు మళ్లీ చూడండి. అవి సరిగ్గా ఉంటే బటన్ వైర్లు ఎక్కడైనా ఒరుసుకుని కలిసిపోతున్నాయేమో చూడండి.

కార్డు పోతే? ప్రోగ్రాంలో మొదటి రోజే రెండు యూఐడీలు రాసి పెట్టండి. మాడ్యూల్‌తో వచ్చే కార్డు మీ దగ్గర, కీచైన్ ట్యాగ్ ఇంట్లో నమ్మకమైనవాళ్ల దగ్గర. పోయిన కార్డు యూఐడీ మాత్రం వెంటనే ప్రోగ్రాంలోంచి తీసేయండి. యూఐడీని మార్చుకోగలిగే ఖాళీ కార్డులు బయట దొరుకుతాయి, దొరికినవాళ్లు నకలు తీయడం నిమిషాల పని. అందుకే కార్డు మీద కంప్యూటర్ పేరు, గది నంబరు లాంటివి ఏమీ రాయకండి.